మిస్సింగ్ కేసులో పెద్దాయన మీద అనుమానం: స్టేషన్‌కు వెళ్లి అంతా చెప్పేయొచ్చా?

ప్రశ్న: గౌతమి గట్టు

గోదావరి డెల్టాలో ఒక మండల కేంద్రం. వడ్డీకి డబ్బులు తిప్పే 46 ఏళ్ల మనిషి ఎనిమిది రోజులుగా కనిపించడం లేదు. భార్య ఫిర్యాదు మీద ‘మ్యాన్ మిస్సింగ్’ అని ఎఫ్‌ఐఆర్ కట్టారు. ఆయన ఫోన్ నుంచి చివరి కాల్ వెళ్లింది ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారికి. మాస్టారికి 67 ఏళ్లు. గుడి కమిటీ పెద్ద, ఊళ్లో తగాదా వస్తే ఆయన మాట మీద ఆగేది. ఆ సాయంత్రం అతను మాస్టారింటికి వచ్చి వెళ్లిన మాట నిజమే.

మాస్టారు అతని దగ్గర తీసుకున్న అప్పుకు నాలుగు లక్షల ప్రోనోటు ఉంది. అందులో రెండు లక్షలు ఆ సాయంత్రమే అతనికి నగదుగా తిరిగి ఇచ్చారట. రసీదు లేదు, ప్రోనోటు వెనక చెల్లు కూడా రాయించుకోలేదు. ఆ సంగతి చెప్తే తన మెడకే చుట్టుకుంటుందేమోనని మాస్టారు తటపటాయిస్తున్నారు. ఎస్సై గారు ఫోన్ చేసి ‘ఫోను పట్టుకుని ఒకసారి స్టేషన్‌కు రండి మాస్టారూ’ అన్నారు. కొడుకులేమో ముందస్తు బెయిలు వెయ్యాలంటున్నారు. వాట్సాప్ గ్రూపుల్లో అప్పుడే మాస్టారి ఫొటో తిరుగుతోంది.

స్టేషన్‌కు వెళ్లి తీరాలా? ఫోను ఇచ్చెయ్యాలా? రెండు లక్షల సంగతి చెప్పాలా? లై డిటెక్టర్‌కు ఒప్పుకుంటే మచ్చ పోతుందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

జవాబు: సెషన్స్ కోర్టు వకీలు

ముందు ఒకటి తేల్చుకోండి. మాస్టారు ఈ రోజు సాక్షా, నిందితుడా? ‘మ్యాన్ మిస్సింగ్’ ఎఫ్‌ఐఆర్‌లో సాధారణంగా శిక్షా సెక్షన్ ఏదీ ఉండదు. మనిషి కనిపించడం లేదని నమోదు, అంతే. ఏదైనా ఆధారం దొరికితే దర్యాప్తు అధికారి కోర్టుకు సెక్షన్ల మార్పు మెమో వేస్తారు. అపహరణ అనుకుంటే భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 140, హత్య అనుకుంటే 103, ఆనవాళ్లు మాయం చేశారనుకుంటే 238 అప్పుడు చేరతాయి. ఆ మెమో పడిందా లేదా అన్నది కోర్టులో మీ వకీలు కనుక్కోవాలి. ఊళ్లో విన్న మాట లెక్కలోకి రాదు.

మెమో పడలేదంటే మాస్టారు సాక్షి. సాక్షిని పిలవడానికి బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత) సెక్షన్ 179 కింద రాతపూర్వక ఉత్తర్వు కావాలి. ఫోన్ కాల్ ఆ కోవలోకి రాదు. పైగా 60 దాటిన మగవాళ్లను, స్త్రీలను, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవాళ్లను వాళ్లు ఉంటున్న చోటనే విచారించాలని అదే సెక్షన్ చెప్తుంది. పాత చట్టంలో ఈ వయసు 65 ఉండేది, ఇప్పుడు 60. తానుగా స్టేషన్‌కు వస్తానంటే రావచ్చు, ఆ ఇష్టం ఆయనది. ‘రాను’ అనడం మాత్రం నా సలహా కాదు. ‘ఇంటి దగ్గర ఫలానా సమయానికి అందుబాటులో ఉంటాను’ అని రాసిచ్చి, రసీదు తీసుకోవాలి.

నోటీసు సెక్షన్ 35(3) కింద వస్తే లెక్క మారుతుంది. అది అనుమానితుడికి ఇచ్చేది. దాన్ని పాటించినంతకాలం, కారణాలు రాసి పెట్టకుండా అరెస్టు చెయ్యకూడదు. పాటించకపోతే అదే అరెస్టుకు కారణమవుతుంది. ఈ నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. వాట్సాప్‌లో వచ్చినా పట్టించుకోకుండా కూర్చోవద్దు. వచ్చిందని వకీలు ద్వారా రాతలో తెలియజేసి, కాగితం మీద ఇమ్మని అడగండి.

60 దాటినవాళ్లను డీఎస్పీ అనుమతి లేకుండా అరెస్టు చెయ్యరని చాలామంది ధీమాగా ఉంటారు. సెక్షన్ 35(7) రక్షణ మూడేళ్లకు తక్కువ శిక్ష పడే నేరాలకే. అపహరణకు, హత్యకు అది వర్తించదు.

ముందస్తు బెయిలు సెక్షన్ 482 కింద వెయ్యొచ్చు. శిక్షా సెక్షన్ లేని ఎఫ్‌ఐఆర్‌లో వేస్తే పబ్లిక్ ప్రాసిక్యూటర్ ‘ఆయన నిందితుడు కాదు’ అంటారు, కోర్టు అక్కడితో పిటిషన్ ముగిస్తుంది. ఆ మాట రికార్డులో పడటం కొంత మేలే. కానీ మన పిటిషన్లో ఆ సాయంత్రం గురించి తొందరలో రాసిన ప్రతి వాక్యమూ కాగితం మీద నిలిచిపోతుంది. ముందు సంగతులు సరిగా కూర్చుకోండి, పిటిషన్ సిద్ధం చేసి ఉంచండి, మెమో పడిన రోజే వెయ్యండి.

చెప్పే విషయం గురించి. సెక్షన్ 180 ప్రకారం అడిగినదానికి నిజమే చెప్పాలి. తనను నేరంలో ఇరికించే జవాబు మాత్రం ఇవ్వక్కర్లేదు. రాసుకున్న వాంగ్మూలం మీద సంతకం పెట్టించకూడదని సెక్షన్ 181. తెల్లకాగితం మీద గానీ, చదివి వినిపించని కాగితం మీద గానీ సంతకం వద్దే వద్దు. వకీలు పక్కన ఉండే అవకాశం అడగండి. 1978లో నందినీ సత్పతి కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

జవాబు: దర్యాప్తు బల్ల

దర్యాప్తు వైపు నుంచి చెప్తాను. రెండు లక్షల సంగతి దాచడం ఈ కేసులో అన్నిటికంటే పెద్ద పొరపాటు అవుతుంది. మాస్టారి కోసమే కాదు, కనిపించని మనిషి కోసం కూడా.

రెండు లక్షల నగదుతో రాత్రివేళ బండి మీద బయల్దేరిన మనిషి కేసు వేరు, ఖాళీ చేతులతో వెళ్లిన మనిషి కేసు వేరు. మొదటిదైతే డబ్బు సంగతి ఎవరికి తెలుసు, దారిలో ఎక్కడ ఆగాడు, పాత దారిదోపిడీ నిందితుల్లో ఆ రాత్రి ఆ దారిలోని సెల్ టవర్ల కింద ఎవరున్నారు అని వెతుకుతారు. అతనే డబ్బు తీసుకుని ఊరు వదిలాడా అన్న కోణం కూడా చూస్తారు. డబ్బు సంగతి తెలియకపోతే దర్యాప్తుకు మిగిలేది ఒక్కటే: అప్పు ఉంది, అప్పిచ్చినవాడు చివరిగా అప్పున్నవాడి ఇంటికి వెళ్లాడు. ఆ గీత నేరుగా మాస్టారి గుమ్మం దగ్గర ఆగుతుంది.

ఇప్పటిదాకా ఏం జరిగి ఉంటుందంటే: జనరల్ డైరీ నమోదు, ఎఫ్‌ఐఆర్, ఫొటోతో, ఒంటి మీద గుర్తులతో అన్ని స్టేషన్లకు, రైల్వే పోలీసులకు లుకౌట్ నోటీసు, ఆస్పత్రుల మార్చురీల్లో గుర్తుతెలియని శవాల వాకబు. డెల్టా కాబట్టి కాలువల లాకులు, రెగ్యులేటర్ల దగ్గర చూస్తారు. నీళ్లలో పడిన మనిషి వేసవిలో అయితే రెండు మూడు రోజుల్లో తేలి అక్కడే తట్టుకుంటాడు, చలికాలం ఇంకా ఆలస్యమవుతుంది. ఆ పాటికి కాల్ డేటా వస్తుంది. చివరి కాల్ ఎవరిదో వాళ్లను పిలుస్తారు. ఇంతవరకు అందరి విషయంలోనూ జరిగేదే, అందులో అవమానం లేదు.

పరువున్న మనిషి విషయంలో దర్యాప్తు రెండు చోట్ల దారి తప్పుతుంది. మొదటి వారం ఎస్సై మొహమాటపడతాడు. ‘మాస్టారూ’ అంటూ టీ తాగుతూ నాలుగు మాటలు అడిగి వచ్చేస్తాడు. ఇంటి చుట్టుపక్కల చూడవలసినవి అప్పుడు చూడడు. రెండో వారం కనిపించని మనిషి బంధువులు ధర్నా చేస్తారు, హైకోర్టులో హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందు హాజరుపరచమనే పిటిషన్) వేస్తారు. పై అధికారి నుంచి ఒత్తిడి వస్తుంది. ‘పెద్దమనిషని వదిలేశారు’ అన్న మాట పోగొట్టుకోవడానికి ఇక దర్యాప్తంతా ఆ ఒక్క మనిషి మీదే పెడతారు. అందుకే మొదటి వారంలోనే మాస్టారు తనంతట తానుగా రాతలో వివరాలివ్వాలి. ఇల్లూ పెరడూ చూసుకోమని కూడా అందులోనే రాయండి. సోదా జరిగితే సెక్షన్ 105 ప్రకారం మొదటినుంచి చివరిదాకా వీడియో తీయాలి, స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా కాపీ ఇవ్వాలి.

పెద్దమనుషులు అబద్ధం చెప్పేది చాలాసార్లు నేరం దాచడానికి కాదు, చిన్న సిగ్గు దాచడానికి. అప్పు చేశానని ఇంట్లో తెలియకూడదు, ఆ రోజు మాటా మాటా అనుకున్నాం అని ఊరికి తెలియకూడదు. ఇలాంటివే. ఆ చిన్న అబద్ధం కాల్ డేటాతోనో కెమెరాతోనో బయటపడిన రోజు మిగతా మాటలన్నీ అబద్ధాలే అనిపిస్తాయి. గొడవ పడి ఉంటే గొడవ పడ్డామనే చెప్పండి.

పోలీసు జాగిలం మాస్టారి వీధిలోకి వచ్చి ఆగిందనో, ఇంటి ముందు కూర్చుందనో ప్రచారం జరగొచ్చు. అతను ఆ ఇంటికి వచ్చి వెళ్లాడు కాబట్టి వాసన అక్కడ ఉండటం సహజం. జాగిలం దారి చూపిస్తుంది గానీ కోర్టులో దాని బలం చాలా తక్కువ.

జవాబు: డీవీఆర్ డబ్బా

కెమెరాల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎనిమిది రోజులంటే ఇప్పటికే ఆలస్యమైంది.

లెక్క చూడండి. రెండు మెగాపిక్సెళ్ల కెమెరా హెచ్.264 అనే పాత వీడియో కుదింపు పద్ధతిలో సెకనుకు 4 మెగాబిట్ల (ఎంబీపీఎస్) చొప్పున రికార్డు చేస్తే రోజుకు దాదాపు 43 జీబీ తింటుంది. నాలుగు కెమెరాలకు 173 జీబీ. ఒక టీబీ డిస్కు ఉంటే ఆరు రోజులు తిరక్కుండానే పాతది చెరిపి కొత్తది రాస్తుంది. కొత్త పద్ధతి హెచ్.265లో 2 ఎంబీపీఎస్ పెట్టి ఉంటే పదకొండు రోజుల దాకా వస్తుంది. కదలిక ఉన్నప్పుడే రికార్డయ్యే సెట్టింగ్ ఉంటే ఇంకా ఎక్కువ. 2013 పబ్లిక్ సేఫ్టీ చట్టం 30 రోజులు దాచమంటుంది గానీ అది జనం గుమిగూడే పెద్ద సంస్థలకు. వీధి చివర మందుల షాపుకు, కిరాణా కొట్టుకు అది వర్తించదు.

కాబట్టి ఈ రోజే మాస్టారింటి నుంచి మెయిన్ రోడ్డు దాకా ఉన్న కెమెరాల జాబితా రాయండి: షాపు పేరు, కెమెరా ఏ వైపు చూస్తోంది, డీవీఆర్ (కెమెరా వీడియో రికార్డయ్యే పెట్టె) ఎక్కడుంది. ఆ జాబితాతో ‘ఫలానా తేదీ సాయంత్రం 5 నుంచి రాత్రి 11 దాకా ఫుటేజీ భద్రపరచండి’ అని స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. షాపువాళ్లను కూడా అడగండి. రికార్డింగు ఆపేసి ఆ డిస్కు పక్కన పెట్టి, కొత్త డిస్కు వేసుకుంటే చాలు. డిస్కు ఖర్చు మీరు పెట్టుకోవచ్చు, తాకడం మాత్రం వద్దు. అనుమానం ఉన్న మనిషి తరఫువాళ్లు డీవీఆర్ ముట్టుకున్నారంటే ఆ ఫుటేజీ మంచిదైనా నమ్మరు.

డీవీఆర్ గడియారం చాలాచోట్ల తప్పుగా ఉంటుంది. పది నిమిషాలు వెనకున్న గడియారం వల్ల ‘ఎనిమిదింటికి వెళ్లాడన్నారు, కెమెరాలో ఏడూ యాభైకే ఉన్నాడు’ అనే కొత్త అనుమానం పుడుతుంది. స్వాధీనం చేసుకునేటప్పుడు డీవీఆర్ తెర మీది సమయాన్నీ అసలు సమయాన్నీ పక్కపక్కన ఫొటో తీసి పంచనామాలో రాయమని అడగండి. తెరను సెల్‌ఫోనుతో వీడియో తీసిన కాపీ కోర్టులో నిలబడటం కష్టం. అసలు ఫైలు, దాని హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే అంకె), భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి.

మాస్టారి ఫోను రీసెట్ చెయ్యకండి, వాట్సాప్ చాట్లు చెరపకండి, కొత్త ఫోనుకు మారకండి. గూగుల్ టైమ్‌లైన్ ఆన్‌లో ఉంటే ఆ చరిత్ర ఇప్పుడు ఫోనులోనే ఉంటుంది, కొన్ని నెలలు దాటినవి దానంతటవే చెరిగిపోయే సెట్టింగ్ ఉంటుంది. ఆ సెట్టింగ్ ఆపి, బ్యాకప్ తీసి ఉంచండి. ఫోను స్వాధీనం చేసుకుంటే *#06# కొడితే వచ్చే రెండు ఐఎంఈఐ నంబర్లూ (ఫోను గుర్తింపు సంఖ్యలు) జాబితాలో ఉండాలి, సీలు వెయ్యాలి. పాస్‌వర్డు బలవంతంగా అడగొచ్చా అన్నదాని మీద కోర్టుల్లో ఏకాభిప్రాయం లేదు, అది వకీలు చెప్పాలి.

టవర్ లొకేషన్ గురించి కూడా. ఊళ్లో ఒక్కో టవర్ కొన్ని కిలోమీటర్లు కవర్ చేస్తుంది. ‘ఇద్దరి ఫోన్లూ ఒకే టవర్ కింద ఉన్నాయి’ అంటే ఇద్దరూ కలిసి ఉన్నారని కాదు, ఆ చుట్టుపక్కల ఉన్నారని మాత్రమే. కాల్ డేటా రెండేళ్లు ఉంచాలని టెలికాం కంపెనీల లైసెన్సులో షరతు ఉంది కాబట్టి దానికి కెమెరా అంత తొందర లేదు.

ఇంకో విషయం, కనిపించని మనిషి ఇంటివాళ్లకు ఎవరైనా చెప్పండి: సిమ్ బ్లాక్ చేయించొద్దు, రీచార్జి ఆగిపోనివ్వొద్దు. ఎవరైనా ఆ ఫోను ఆన్ చేస్తే దొరికే జాడ అదొక్కటే.

జవాబు: సాక్ష్య చట్టం క్లాసు

మాస్టారు ఇప్పుడు ఉన్న చోటే, అంటే అరెస్టుకు ముందు, ‘తెలిసింది చెప్పండి’ అని పోలీసులు అడుగుతున్న చోట నిలబడిన మనిషి కేసు ఒకటి మన ప్రాంతానిదే. న్యాయశాస్త్రం చదివిన ప్రతివాళ్లకూ తెలిసిందే: పాకాల నారాయణస్వామి కేసు, ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో లండన్‌లోని చివరి అప్పీలు కోర్టు), 1939.

నిందితుడు పిఠాపురం మాజీ దివాను అల్లుడు. బరంపురంలో కాపురం. కనిపించకుండా పోయింది ఆ దివాను దగ్గరి నౌకరు. 1936లో నిందితుడి భార్య అతని దగ్గర విడతలుగా మొత్తం మూడు వేలు అప్పు తీసుకుంది, ఏడాదికి నూటికి పద్దెనిమిది, అంటే నెలకు రూపాయిన్నర వడ్డీ. 1937 మార్చి 18న అతనికి బరంపురం రమ్మని సంతకం లేని ఉత్తరం వచ్చింది. బాకీ తీసుకోవడానికి వెళ్తున్నానని భార్యతో చెప్పాడు. 21న రైలెక్కాడు. 23న పూరీ స్టేషన్లో, మూడో తరగతి పెట్టెలో ఎవరూ తీసుకోని ఒక ఇనప ట్రంకులో ఏడు ముక్కలుగా దొరికాడు. కొన్ని రోజుల తర్వాత గానీ భార్య గుర్తుపట్టలేదు.

అరెస్టుకు ముందు నిందితుడు పోలీసులకు ఒక మాట చెప్పాడు: అతను 21 సాయంత్రం మా ఇంటికి వచ్చాడు, బయటి గదిలో పడుకున్నాడు, 22 సాయంత్రం రైలెక్కి వెళ్లిపోయాడు అని. ఆ మాటను సాక్ష్యంగా వాడుకోవచ్చా అన్నదే పెద్ద ప్రశ్న అయింది. దర్యాప్తులో పోలీసులకు చెప్పింది, చెప్పినవాడు ఆ తర్వాత నిందితుడైనా సరే, అతని మీద వాడకూడదని లార్డ్ అట్కిన్ తీర్పు. అయినా అప్పీలు కొట్టేశారు. చనిపోయినవాడి ఇంట్లో దొరికిన యాభై దాకా అప్పు కాగితాలు, ట్రంకు కొనుగోలు, దాన్ని స్టేషన్‌కు చేర్చిన తీరు, వీటితోనే శిక్ష నిలిచింది.

ఇందులోంచి మాస్టారికి అక్కరకొచ్చేవి చెప్తాను. కనిపించని మనిషి వెళ్లేముందు భార్యతో ‘మాస్టారింటికి డబ్బులకు వెళ్తున్నా’ అని ఉంటే, అతను చనిపోయాడని తేలిన రోజు ఆ మాట సాక్ష్యమవుతుంది. ఇప్పటి సాక్ష్య అధినియమ్‌లో సెక్షన్ 26. కాబట్టి ‘డబ్బు ప్రస్తావనే రాలేదు’ అనడం నిలబడదు.

పోలీసులకు చెప్పినదానికి ఉన్న ఆ రక్షణ ఊరి పెద్దలకు, విలేకరులకు, వాట్సాప్‌కు చెప్పినదానికి లేదు. గుళ్లో ప్రమాణం చెయ్యమంటారు, పంచాయితీ పెడతారు, యూట్యూబ్ చానెల్ మైకు పెడుతుంది. అక్కడ కోపంలోనో కంగారులోనో అన్న ప్రతి మాటకూ విన్నవాళ్లు కోర్టులో సాక్షులుగా రావచ్చు. స్టేషన్‌కు భయపడి పంచాయితీలో గుండె విప్పి మాట్లాడటం తలకిందుల పని.

‘చివరిగా చూసింది మీరే’ అన్నంత మాత్రాన నేరం రుజువు కాదు. చివరిగా కలిసి కనిపించిన సమయానికీ చావుకూ మధ్య వేరే మనిషి చొరబడే వ్యవధి లేనంత దగ్గరగా ఉండాలి. పరిస్థితుల సాక్ష్యంలో గొలుసు మొత్తం పూర్తవ్వాలని 1984లో శరద్ బిర్ధిచంద్ సర్దా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నిందితుడు ఇచ్చిన తప్పుడు వివరణ గొలుసులో ఖాళీని పూరించదు, కానీ మిగతా గొలుసు పూర్తయి ఉంటే అది అదనపు లంకె అవుతుంది. శవం దొరక్కపోయినా హత్య కేసు నడుస్తుంది. ‘శవం లేదు కదా’ అనే ధైర్యం కొడుకులకు ఎవరైనా చెప్తే నమ్మొద్దు.

లై డిటెక్టర్: 2010 మే 5న సెల్వి కేసు తీర్పు ప్రకారం సమ్మతి లేకుండా పాలిగ్రాఫ్ (అంటే లై డిటెక్టర్), నార్కో, బ్రెయిన్ మ్యాపింగ్ ఏదీ చెయ్యకూడదు. సమ్మతి మేజిస్ట్రేట్ ముందు, వకీలు ఉండగా నమోదవ్వాలి. సమ్మతితో చేసినా ఫలితం నేరుగా సాక్ష్యం కాదు. 67 ఏళ్ల వయసు, బీపీ మందులు, అవమానంతో నిద్రలేని రాత్రులు, ఇవన్నీ ఆ గ్రాఫును కదిలిస్తాయి. పాసైతే ఊరు నమ్మదు, అటూ ఇటూ కాని ఫలితం వస్తే పేపర్లో ‘తడబడ్డ హెడ్‌మాస్టరు’ అని వస్తుంది. నా మటుకు నేను వద్దంటాను.

గౌతమి గట్టు

అందరికీ కృతజ్ఞతలు. సెక్షన్ల మార్పు మెమో ఇంకా పడలేదని వకీలు గారు కనుక్కున్నారు. మాస్టారు రెండు లక్షల సంగతి చెప్పడానికి ఒప్పుకున్నారు. నగదుగా తీర్చినందుకు ఇన్‌కంట్యాక్స్ వాళ్లు పట్టుకుంటారని ఎవరో భయపెట్టారు. రాతపూర్వకంగా ఏం రాయాలి? గుడి కమిటీ నుంచి తప్పుకోవాలా?

సెషన్స్ కోర్టు వకీలు

20 వేలు, ఆపైన ఉన్న అప్పును నగదుగా తీర్చకూడదని ఆదాయపు పన్ను చట్టం అంటున్న మాట నిజం. అంతే మొత్తం జరిమానా పడే వీలూ ఉంది, సరైన కారణం చూపిస్తే మాఫీ అయ్యే వీలూ ఉంది. అది డబ్బుతో పోయే విషయం. ఆ రెండు లక్షలు ఎక్కడినుంచి వచ్చాయో చూపించే బ్యాంకు పాస్‌బుక్కు, విత్‌డ్రా చేసిన తేదీ ముందు తీసి పెట్టుకోండి. డబ్బు ఇవ్వకుండానే ఇచ్చానంటున్నాడన్న వాదనకు అదే జవాబు. ప్రోనోటు మీ దగ్గర లేదు కాబట్టి సరే, ఇప్పుడు ఎవరిచేతా చెల్లు రాయించే ప్రయత్నం కలలో కూడా చెయ్యొద్దు.

ఆ సాయంత్రం వరుస రాసేటప్పుడు మాస్టారిని ఒక్కరినీ కూర్చోబెట్టండి. ఇంట్లోవాళ్లు అందరూ కలిసి రాస్తే అందరి మాటా ఒకేలా ఉంటుంది, అది చూసే అధికారికి నేర్పిన పాఠంలా కనిపిస్తుంది. గుర్తున్న సమయాన్ని ఏదో ఒకదానికి కట్టండి: ఫోన్ కాల్ వచ్చిన నిమిషం, టీవీలో వార్తలు, గుడి గంట, యూపీఐ మెసేజ్. గుర్తులేని చోట ‘గుర్తులేదు’ అని రాయండి, ఊహించి పూడ్చొద్దు.

నమూనా ఇది. వకీలు చూశాకే ఇవ్వండి:

‘స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి. ఫలానా క్రైమ్ నంబరు మిస్సింగ్ కేసులో మీరు ఫోన్‌లో నన్ను రమ్మన్నారు. నా వయసు 67, సెక్షన్ 179 ప్రకారం నా ఇంటి వద్ద ఫలానా తేదీ ఉదయం 10 నుంచి విచారణకు సిద్ధంగా ఉంటాను. ఆయన ఫలానా తేదీ సాయంత్రం సుమారు 7 గంటలకు మా ఇంటికి వచ్చారు, సుమారు 8 గంటలకు తన బండి మీద వెళ్లారు. ఆ సమయంలో ఆయనకు రెండు లక్షల రూపాయలు నగదుగా, 500 నోట్లలో, ఫలానా రంగు సంచిలో ఇచ్చాను. రసీదు తీసుకోలేదు. ఆ డబ్బు విత్‌డ్రా చేసిన పాస్‌బుక్కు పేజీ నకలు జతచేశాను. ఈ దారిలోని కెమెరాల జాబితా కూడా జతచేశాను, ఫుటేజీ చెరిగిపోకముందే భద్రపరచవలసిందిగా కోరుతున్నాను. నా ఇల్లు, పెరడు ఎప్పుడైనా పరిశీలించుకోవచ్చు.’

సమయాలు, నోట్లు, సంచి మాస్టారు చెప్పినట్టే రాయండి. రెండు ప్రతులు తీసి ఒకదాని మీద స్టేషన్ ముద్ర వేయించుకోండి. ముద్ర వెయ్యకపోతే అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి, నకలు డీఎస్పీకి కూడా పంపండి.

గుడి కమిటీ విషయం: రాజీనామా వద్దు, అది ఒప్పుకున్నట్టు చదువుతారు. కేసు తేలేదాకా హుండీ లెక్కింపులో, సంతకాలు పెట్టే పనుల్లో వేరేవాళ్లను పెట్టమని ఒక ఉత్తరం ఇచ్చి ఊరుకోవడం మంచిది. గ్రూపుల్లో ఫొటో తిప్పుతున్నవాళ్లతో వాదన పెట్టుకోకండి. తేదీ, నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి దాచండి, న్యాయ సంహిత సెక్షన్ 356 కింద పరువునష్టం కేసు తర్వాతైనా వెయ్యొచ్చు. కనిపించని మనిషి భార్యను ఓదార్చడానికి మాస్టారు ఇప్పుడు వెళ్లొద్దు. మంచి మనసుతో వెళ్లినా సాక్షిని ప్రభావితం చేశారంటారు. ఉత్తరం రేపు పొద్దున్నే ఇవ్వండి, ఫుటేజీ అంతకంటే ఆగదు.